నూనెలో కరిగేది

మా బడికి ట్యాబులు వచ్చిన నెలలోనే
ల్యాబుకి తాళం పడింది.
పడింది అనకూడదేమో,
తాళం ముందే ఉంది, తీయడం మానేశాం.
బీకర్లలో బల్లులు గుడ్లు పెట్టాయి.
సిల్వర్ నైట్రేటు సీసా
ఎప్పుడో నల్లబడి ఊరుకుంది.

ఇప్పుడు బల్ల మీద ఒక అట్టముక్క పెడతాం,
దాని నిండా నలుపూ తెలుపూ గళ్ళు,
చుక్కలు తప్పిన ముగ్గులాగా.
ట్యాబు కన్ను దాని మీదికి తిప్పగానే
గాల్లోకి అణువు లేస్తుంది.
నీళ్ళ అణువు లేస్తే పిల్లలు వంగి బల్ల మీద చూస్తారు,
తడి అయిందేమోనని కాదు,
నీడ పడిందేమోనని.
పడదు.

ఏటుకూరు రోడ్డు పక్కన మా బడి.
మార్చి వచ్చిందంటే కిటికీలు మూసే పాఠం చెబుతాను.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
హాజరు పిలిచినప్పుడు
'ప్రెజెంట్ సార్' బదులు తుమ్ములే పలుకుతాయి.

ఆ రోజు తల్లిదండ్రుల సమావేశం.
పదిమంది వస్తే గొప్ప.
గౌసియా వాళ్ళమ్మ సైదాబీ
పని మధ్యలో వచ్చింది, కొంగుకి ఎర్రటి దుమ్ముతో.
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
నేను మార్కుల సంగతి ఎత్తబోతే
"అదేందో గాల్లో చూపిస్తారంట గదా" అంది.

నాకూ సరదా పుట్టింది.
రోజంతా ముచ్చికలు తీసే మనిషికి
మిరప మంటనే లేపి చూపించాను.
నల్లటి కార్బన్లు పద్దెనిమిది,
తెల్లటి హైడ్రోజన్లు ఇరవై ఏడు,
ఎర్రటి ఆక్సిజన్లు మూడు,
ఒకే ఒక్క నీలం నైట్రోజన్.
ఆరు మూలల తల, పొడుగాటి తోక,
తోక చివర పాము నాలుక చీలిక.
"ఇదేనమ్మా నీ చేతులు మండించేది."

"ఎర్రగా లేదే?"
"ఎరుపు వేరే సరుకు. దీనికి రంగు లేదు.
మనం చూడ్డానికి పూశారంతే."
"ఓహో, దొంగది."

పట్టుకోబోయింది.
ట్యాబుకి వేళ్ళ సంగతి తెలియదు.
ముందుకి చాచిన చేతిని
అణువు వెనక్కి నెట్టేసి చూపించింది.
ఉన్న చెయ్యి వెనక, లేని మంట ముందు.
గౌసియా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు.
ఈసారి గాజు మీదే, సరిగ్గా తోక మీద వేలు ఆనించి

"మరి నీళ్ళతో కడిగితే పోదేం సార్ ఇది?
కడిగేకొద్దీ అంటుకుంటది.
శెనగనూనె రాసి, గుడ్డతో తుడిచి,
అప్పుడు సబ్బెడితే కాస్త నిద్ర పట్టుద్ది.
ఇది పసిబిడ్డప్పుడు
నూనె చేతుల్తో తప్ప ఎత్తుకోలా."

పంతొమ్మిదేళ్ళ సర్వీసు నాది.
ఏది నీళ్ళలో కరుగుతుంది, ఏది నూనెలో కరుగుతుంది,
ఎందుకు కరుగుతుంది, అయిదు మార్కులు,
ఎన్ని బోర్డులు నింపానో.
రాసేటప్పుడు ఒక్కసారీ
ఎవరి అరచెయ్యీ గుర్తు రాలేదు.

"ఆ తోక వల్లేనమ్మా" అన్నాను,
గొంతు సవరించుకుని మిగతాది చెప్పాను.
తన ఇంటి సంగతి పొరుగువాళ్ళ నోట విన్నట్టు
తల ఊపింది.
టిక్కీలు లోడవుతున్నాయని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తొమ్మిది బి సెక్షన్.
అట్ట పెట్టి ట్యాబు ఎత్తితే
తెర మసగ్గా ఉంది. వేలిముద్ర.
చేతిరుమాలుతో తుడిచాను.
అమ్మోనియా ముక్కాలిపీటలా
బుద్ధిగా నిలబడింది.
కరెంటు లేదు, మూతి మీద చెమట,
జేబులో అదే రుమాలు.

పెదవులు భగ్గుమన్నాయి.
ముక్కు, కళ్ళు, అన్నీ కలిసి కారాయి.
తెరలో అమ్మోనియా తిరుగుతూనే ఉంది,
నలభై ముగ్గురూ దాన్ని వదిలేసి నన్ను చూస్తున్నారు.
ముందు బెంచీలో ఒకడు
నీళ్ళ సీసా మూత తీస్తూ లేచాడు.

వెనక నుంచి గౌసియా, నాకంటే ముందే,
"ఒరేయ్, నీళ్ళొద్దు.
వంటాయమ్మనడిగి నూనె తే."