నోటు చివరి అంకె

ఆదోనిలో, పత్తి మార్కెట్టు వెనక వీధిలో
ఉగ్గాని బండాయప్ప చిల్లరగా ఇచ్చిన పదిరూపాయల నోటు
తిప్పి చూసినాను. చివరి అంకె నాలుగు.
అంటే నాలుగో ఇంటితో మొదలు,
ఆపైన ప్రతి ఏడో గడప.
ఎవరిని అడగాలో మనం ఎంచుకోకూడదంట,
మనసెప్పుడూ తెలిసిన ముఖం వైపే వాలుతుందంట,
శిక్షణలో చెప్పినారు.
నోటుకైతే ఎవురూ చుట్టాలు కారు.

ఐసు డబ్బా భుజాన, గొళ్ళెం మీద వేలు.
"సూదమ్మ వచ్చె" అని పిల్లోళ్ళు ఒకటే పరుగు.

నాలుగో ఇల్లు ఉరుకుందమ్మది.
"మాకేం రాలేదమ్మా ఆ రోగం.
ఆ యేడంతా జిన్నింగు మిల్లులోనే ఉంటిమి,
దుమ్ముకు దగ్గుతాంటిమి, అంతే."
చెయ్యి మాత్రం చాపింది.
మోచేతి మడతలో నరం
ఎండాకాలం వంక మాదిరి
ఉందో లేదో తెలీకుండా.
"అంత తీసినావే,
చారెడు రాగులు తినాల మళ్ళీ" అనింది.

పదకొండో ఇంటికి తాళం.
తాళముంటే 'లేరు' అని రాయాల.
యాడికి పోయినారో రాసేందుకు గడి లేదు.
గుంటూరుకు, మిరపకాయలు కోయను, అనింది పక్కింటామె.
కాగితం అంచున పెన్సిలుతో 'మిరప' అని రాసుకున్నాను.

పద్దెనిమిదో ఇంట్లో మాబున్ని.
రెండు మార్లు అడిగినా ఒకటే మాట, జొరం రాలేదని.
అత్తను గురించి నేనడగలేదు.
ఆమే చెప్పింది, దూది అదుముకుంటా:
"మా అత్త గుండెపోటుతో పోయె. గుండెపోటే.
అట్ల చెప్పకుంటే
కడగనిచ్చేవాళ్ళా, మోయనిచ్చేవాళ్ళా?"
ఫారంలో ఆ ప్రశ్న లేదు.
గొట్టం మీద అంకె అంటించినాను.
పేరుండదు. అంకే ఉంటుంది.

ఇరవై ఐదో ఇంటి నరసప్పకు ఒకటే అనుమానం,
ఈ నెత్తురుతో పింఛను వస్తుందా, పోతుందా అని.
రెండూ కాదు పెద్దాయనా,
ఆసుపత్రి మెట్లెక్కినోళ్ళ లెక్క సర్కారు దగ్గరుంది,
ఎక్కకుండా బతికినోళ్ళ లెక్క మీ చేతుల్లో ఉంది అన్నాను.
"అయితే ఎడమ చేతిలో చూడు" అన్నాడు,
"కుడి చెయ్యి అన్నం తినేది."

కర్నూలు ల్యాబులో యంత్రం గిర్రున తిరిగి నిలబడితే
ఎరుపు అడుక్కు దిగి, పైన తేరుకున్న నీరు
జొన్నదంటు రంగు. అందరిదీ.
తొంభై ఆరు గుంతల పలక,
మా అవ్వ వామనగుంటల పీటకు
పిల్లలు పుట్టినట్టు.
చింతగింజల బదులు చుక్కలు.
చివరి మందు పడంగానే
కొన్ని గుంతలు పసుపు తిరుగుతాయి,
కొన్ని నీళ్ళ మాదిరే ఉంటాయి.

ఏది ఎవరిదో నాకు తెలియకూడదు.
ఆ అంకెలు అంటించింది నేనే కదా.
ఉరుకుందమ్మ గుంత పసుపు.
మాబున్నిది చిక్కటి పసుపు.
వీధి దాచింది, ఇల్లు దాచింది,
నెత్తురు మటుకు
అడిగేదాకా ఉండి చెప్పేసింది.

మిగిలిన ఒక గుంతలో నాది పోసినాను.
పోయకూడదు. పోసినాను.
మొదటి విడతలో పదిహేడు దినాలు
పెద్దాసుపత్రిలో, పక్క మంచంలో మా నాయన.
ఆయన దగ్గు ఏ పొద్దు నిలిచిందో
గంటా నిమిషమూ నాకు తెలుసు.
ఆ రిపోర్టు ఇప్పటికీ బియ్యం డబ్బా కింద ఉంది.

నా గుంత నీళ్ళ మాదిరే ఉంది.

సారునడిగినాను, ఎవరిదో అన్నట్టు.
"బొత్తిగా లేదని కాదమ్మా. ఒక గీత పెట్టుకున్నాం.
గీత కింద ఉన్నదంతా లేదనే రాస్తాం.
నాళ్ళు గడిస్తే కొందరిలో తగ్గిపోతుంది."
ఆయన టీ తాగుతా చెప్పినాడు.
నేను చేతులు కడుక్కుంటా విన్నాను,
మోచేతుల దాకా, చాలాసేపు.

నూటికి ఇంతమంది అని రేపు పేపర్లో వస్తుంది.
ఆ నూటిలో తాళం పడిన ఇల్లు లేదు,
మాబున్ని అత్త లేదు,
దొంగగా పోసిన నా గుంత ఎట్లాగూ లేదు.

ఆదోని బస్సులో కండక్టరు చిల్లర ఇచ్చినాడు.
పదినోటు. తిప్పి చూడకుండా ఉండలేకపోయినాను.
సున్నా.
సున్నా పడితే పదో ఇల్లని చెప్పినారు శిక్షణలో.
మా వీధి మొదట్నుంచి లెక్కపెట్టుకుంటా వచ్చినాను,
కుట్టు మిషనాయన, రెండు ఖాళీ గదులు, పాల కేంద్రం...
పదోది మాది.
పొద్దున తాళం వేసి వచ్చినాను.