గడియారం పట్టుకున్నవాడు

ఎనాక్ కోక్లీ గురించి నన్నడిగితే
చెప్పగలిగింది కొంచెమే.
ఆదివారాలు, ఇంకా తెల్లారకుండానే,
స్టోన్ ఊరి దారిలో మైలురాయి పక్కన
నా ఎదుట ఒక్క నిమిషం నిలబడేవాడు.
ఎవరో వెనక నుంచి సీటు పట్టుకునేవారు.
అయిదు, నాలుగు, మూడు, అనేవాణ్ణి.
తర్వాత వీపు. తర్వాత పొగమంచు.

పోలీసుల కంట పడకూడదని
నల్ల కోటు, నల్ల మేజోళ్ళు,
చావింటికి ఆలస్యమైపోయినవాడిలా.

వారమంతా పింగాణీ బట్టీలో
నెత్తిన మట్టిపెట్టెలు మోసే మనిషి.
గెలిస్తే డబ్బు పుచ్చుకోకూడదు, అమెచ్యూరు కదా;
క్లబ్బువాళ్ళు గోడ గడియారాలిచ్చేవారు.
"ఆరున్నాయి," అనేది మేబెల్,
"ఏ రెండూ ఒక మాట మీదుండవు."

యాభైమూడు, ఏప్రిల్. మంచు కలిసిన వాన.
ఇరవై అయిదు మైళ్ళు గంట లోపు తొక్కాలని
తొమ్మిదేళ్ళుగా వస్తున్నాడు.
గంటా రెండు సెకన్లు, అని రాశాను.
ముక్కు కారుతుండగా నా పుస్తకంలోకి తొంగిచూసి
"సరే" అన్నాడు.
టీ తాగడానికి వెళ్ళాడు.

తర్వాత మట్టిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది.
అయినా వచ్చేవాడు, కుర్రాళ్ళకి సీటు పట్టడానికి.
నేను ఒకటి అనేలోపు దగ్గొస్తే
బిగబట్టేవాడు, సైకిలు కదలకుండా.

నిన్న ఆ నల్ల కోట్లన్నీ మళ్ళీ చూశాను,
పట్టపగలు.

ఎవరికీ చెప్పలేదు:
ఆ పొద్దున నా బొటనవేలు కొయ్యబారి ఉంది.
మీట నొక్కానో, నొక్కాననుకున్నానో,
చక్రం గీత దాటి
కొంచెం దూరం పోయినట్టే గుర్తు.