తాత్కాలికం

బొమ్మనహళ్లిలో బ్యాటరీల కొట్టు పైన
పదకొండు మందిమి, ఒకటే తాళంచెవి.
చెప్పుల స్టాండు కింద ఉండేది.
ఎవరు ముందొస్తే వాళ్లదే ఆఫీసు.

ఇప్పుడు బెళ్లందూరులో నాలుగంతస్తులు.
కార్డు గీస్తే గేటు
ఒక క్షణం ఆలోచించి గానీ
లోపలికి రానివ్వదు.

లిఫ్టులో "మీరు కొత్తగా చేరారా?" అనడిగింది కుందన.
తను చేరి మూడు వారాలు.
మధ్యాహ్నం నా సీటు వెతుక్కుంటూ వచ్చింది:
"ఈ లైను తీసేస్తే బిల్లింగంతా కూలిపోతోందండీ.
పక్కనేమో
'తాత్కాలికం. సోమవారం మార్చాలి' అనుంది."

ఆ రాత్రి కరెంటు లేదు.
కింది కొట్టు దేవణ్ణ ఒక బ్యాటరీ అరువిచ్చాడు.
వైరు జారకుండా ఖాసిం పట్టుకు కూర్చుంటే
నేను రాశాను.

ఖాసిం మానేసి ఐదేళ్లు.
బ్యాటరీ తిరిగిచ్చామో లేదో గుర్తులేదు.

"ఉండనీలే" అన్నాను,
"ఏ సోమవారమో రాయలేదుగా."