పెద్దక్షరం

ట్రోమ్సోలో నవంబరు.
మధ్యాహ్నమే దీపాలు పెట్టేస్తారు.
కోర్టు మెట్ల మీద మంచు గాజైపోయింది.

సున్నివా నలభై ఏళ్లుగా ఒకే ఉత్తరం రాస్తోంది
పత్రికలకు, నిఘంటువు వాళ్లకు, ఒకసారి
మూడో తరగతి వాచకం అచ్చేసినవాళ్లకు:
"అయ్యా, రగ్నా అన్నది మా సరుకు పేరు.
దయచేసి పెద్దక్షరంతో మొదలుపెట్టండి.
బహువచనం చేయకండి."

మన లిపిలో పెద్దక్షరం లేదు.
రాజుకీ రాయికీ ఒకే రా.
ఆమె బాధ తెలుగులో ఎలా చెప్పాలో
ఇప్పటికీ నాకు సరిగా తెలియదు.

రగ్నా వాళ్ల అమ్మ.
ఒక ఏప్రిల్‌లో రేవు దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుంటే
నాన్న పడవల షెడ్డులో కూర్చుని
పాత టైరు ముక్కకి పన్నెండు ఇనప పళ్లు దిగ్గొట్టి
ఆమె బూటు కింద తొడిగాడు.
తర్వాత అమ్మకానికి చేసి, రేకు డబ్బా మీద
ఆమె పేరే వేయించాడు.
పక్కన వలయంలో చిన్న ఆర్,
గ్లాసు బోర్లించి పట్టిన ఈగలా.

ఇక ఊరంతా రగ్నాలే.
ఎవరో పోలండ్ నుంచి దింపినవీ రగ్నాలే,
పోస్టుమాన్‌వి, పెళ్లికూతురివి,
కుక్కకి కూడా నాలుగు.
"రగ్నా వేసుకుని పోరా" అని గుమ్మాల్లోంచి కేకలు.
పేరు పోయిందంటే మనకు పరువు పోవడం.
సున్నివాకి పేరు వచ్చి వచ్చి పోయింది.

ఇవాళ చివరి వాయిదా.
ఓస్లో నుంచి వచ్చిన అవతలి వకీలు
సర్వే కాగితాలు చదివాడు:
వెయ్యిమందిని అడిగితే తొమ్మిది వందల పద్నాలుగుమంది
అది వస్తువన్నారు, కంపెనీ అనలేదు.
సంజ్ఞానామం కాస్తా జాతినామం అయిపోయిందని
బడిపంతుల్లా తేల్చాడు.

సున్నివా వకీలు లేచేలోగా
తలుపు దగ్గర బంట్రోతు, ఆలస్యంగా వచ్చినవాళ్లతో,
రోజూ చెప్పే మాటే చెప్పాడు:
"రగ్నాలు బయట విప్పి రండి, నేల గీసుకుపోతుంది."

ఎవరూ నవ్వలేదు.
జడ్జి కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.
సున్నివా తలుపులోంచి చూసింది.
గోడవారన ముప్పై జతలు, మంచు కరిగి కారుతూ.
వాళ్ల కార్ఖానావి రెండే.
అందులో ఒకటి ఆమెది.

తీర్పుకి ఇంకా మూడు వారాలు.

బయట మెట్ల మీద ఓస్లో వకీలు,
నున్నటి నల్ల బూట్లు,
జర్రున జారి ఆమె భుజం పట్టుకున్నాడు.
ఆమె నిలబడింది. పన్నెండు పళ్లూ మంచుని కరిచి ఉన్నాయి.
"ముందు ఒక జత రగ్నాలు కొనుక్కో, బాబూ" అంది.

పెద్దక్షరమో చిన్నక్షరమో
నోటిమాటలో వినపడదు.
ఏ కంపెనీవని అతను అడగలేదు.
ఆమె చెప్పలేదు.