క్యూలో ముందున్నవాళ్లు

రాత్రికి రాత్రి కంప్యూటర్ కొత్తదైపోయింది.
అడక్కుండా కాదు, అడిగింది.
పన్నెండు రోజులుగా "తర్వాత" అని తప్పించుకుంటున్నాను.
నిన్న కొట్టు కట్టేసే తొందరలో
వేలు జారి "సరే" మీద పడింది.

పొద్దున తెర మీద ఏ దేశానిదో నీలి సరస్సు.
నా అక్షరాలున్నాయి, నల్లంచు చట్రాలున్నాయి,
ప్రింటర్ లేదు.
అంటే ఉంది, బల్ల మీదే,
ఆకుపచ్చ దీపం వెలిగించుకుని, మూడు మూరల దూరంలో.
"దొరకలేదు" అంటుంది కంప్యూటర్.

ఎనిమిదిన్నరకి త్సోన్కా వచ్చింది,
గొడుగు మడవడం మరిచిపోయి లోపలిదాకా.
"గెన్చో పోయాడు. తెల్లవారుజామున."

మా బెర్కోవిత్సాలో
కాగితానికెక్కితే గానీ చావు చావు కాదు.
ఇంటి తలుపుకి, రొట్టెల కొట్టు ముందు స్తంభానికి,
బస్సాగే చోట, రంపపు మిల్లు గోడకి,
ముఖం, పేరు, వచ్చిన ఏడు, వెళ్లిన ఏడు,
రేపు రెండింటికి చర్చి దగ్గరికి రమ్మని పిలుపు.
ముప్పై చాలు. వాన కాబట్టి నలభై.

ఫొటోలో టోపీ ఉంది, తీసేయనా అన్నాను.
"ఉంచు. టోపీ లేకపోతే ఎవరో అనుకుంటారు."

తీగ పీకి పెట్టాను. ఆపి వేశాను.
ప్రింట్ నొక్కాను. మళ్లీ నొక్కాను.
ఇంకో రెండుసార్లు, కోపంతో.
డ్రైవర్ పాతదయింది, కొత్తది నెట్‌లో తెచ్చుకోమంది.
నెట్ లేదు.
ఎందుకు లేదంటే, కారణాలు నెట్‌లో చూడమంది.
పిచ్చి కుదిరితే పెళ్లి, పెళ్లయితే పిచ్చి కుదరడం.
త్సోన్కా కుర్చీ అంచున కూర్చుంది,
కింద నీటి మడుగు, ఒళ్లో ఫొటో.

ఫోన్ల కొట్టు నుంచి లచెజార్ని పిలిచాను.
మణికట్టుకి ఎరుపూ తెలుపూ పేనిన మార్చి దారం,
కొంగ కనబడేదాకా విప్పడు.
ముందు రూటర్ వెనక ఊడిన తీగ దోపాడు
(అది నేనే పీకానని చెప్పలేదు).
తర్వాత నవ్వాడు.
"పిన్నీ, ఇది మీ కొట్టుని రైల్వే స్టేషన్ అనుకుంటోంది.
చుట్టూ అందరూ పరాయివాళ్లేనని మొహం చాటేసింది."
ఎక్కడో లోపల, నాలుగు తలుపుల అవతల,
"ఇల్లు" అన్న మాట ఎంచాడు.

అయినా దొరకలేదు.
రూటర్ ఆగి లేచినప్పుడు ప్రింటర్‌కి కొత్త నంబరిచ్చిందట.
నిన్నటిదాకా పన్నెండు, ఇవాళ ఇరవై ఏడు.
బల్ల అదే, మూల అదే.
మా వీధి పేరు మార్చిన ఏడాది గుర్తొచ్చింది.
అమ్మ మాత్రం పోయేదాకా
కవరు మీద పాత పేరే రాసేది,
ఉత్తరాలు చేరేవి కూడా. అప్పటి పోస్టుమాన్ మనిషి కదా.

గర్రుమంది.
ముందొచ్చింది గెన్చో కాదు.
నిన్న సాయంత్రం ఇరుక్కుపోయిన వెలిచ్కా,
ఏడాది స్మరణ, ఆరు ప్రతులు.
తర్వాత తప్పిపోయిన కుక్క.
కుక్క మొన్ననే దొరికింది.

త్సోన్కా వంగి చూసింది.
"వెలిచ్కానా? రొట్టెల దగ్గరా ఇంతే,
ఎప్పుడూ మధ్యలో దూరేది.
ఈయనేమో టోపీ తీసి దారిచ్చేవాడు."
పొద్దున్నించీ మొదటిసారి
ఆమె మొహంలో ఏదో కదిలింది.
నవ్వని చెప్పలేను.

అప్పుడొచ్చాడు గెన్చో.
నాలుగుసార్లు నొక్కాను కదా,
నలభై దాటినా ఆగడు.
లచెజార్ ఆపబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.
"రానీ."
కాగితం అయిపోయి నూటపన్నెండు దగ్గర ఆగింది.
వెచ్చటి కట్టని కోటు లోపల పెట్టుకుంది,
వాన తగలకుండా.
నలభైకే డబ్బు తీసుకున్నాను.

ఇంటికెళ్తుంటే ప్రతి స్తంభానికీ ఆయనే.
ఎవరూ చూడని పిండిమర వెనక గోడకీ,
మూతపడ్డ సినిమా హాలు తలుపుకీ.
టోపీ తడిసి కొంచెం సిరా కారుతోంది.

స్కానర్ ఇంకా దొరకడం లేదు.
రేపు వచ్చి చూస్తానన్నాడు లచెజార్,
రెండింటికి కాదు, ఆ తర్వాత.