గాజుబల్ల కింద కాలు

నా సెలూన్లో టీవీ అద్దంలోంచే కనబడుతుంది.
కుర్చీలో కూర్చున్నవాడికి అన్నీ తిరగేసే:
ఎడమ వింగు కుడి వింగవుతుంది,
స్కోరు అంకెలు ఎదురు నడుస్తాయి,
దండాసి పాపిడి మాత్రం
మేం ఎరిగిన పక్కకే వస్తుంది.

కొర్రాయి దండాసి.
మా పర్లాకిమిడి తొమ్మిదో నంబరు.
ఇప్పుడు కోటేసుకుని భువనేశ్వర్లో గాజుబల్ల వెనక.
జుట్టుకి రంగేయించాడు. నాసిరకం పని.
చెవి మీద అంటిన నలుపు తుడవకుండానే
కెమెరా ముందుకి పంపేశారు.
దూదీ కొబ్బరినూనే పట్టుకుని
తెరలోకి దూరిపోదామని నాకు చెయ్యి దురద.

"మిడ్‌ఫీల్డు ఆకారం చెడింది" అంటాడు ఒడియాలో.
"క్రమశిక్షణ లేదు" అంటాడు హిందీలో.
తెలుగులో ఏమీ అనడు.
కాలేజీ గ్రౌండు పిక్కల లోతు బురదైన ఆ వానాకాలం
"ఓర్ తవిటిగా, బంతి ఇటు తోస్తావా, పీక నొక్కీమన్నావా!" అని
మహేంద్రతనయ అవతలి గట్టుకి వినబడిన గొంతు అది.

ఆ తిట్టు తిన్న తవిటినాయుడే వెనకేసుకొస్తాడు:
"మోకాలి సిప్ప పోయినోడు నోటితోనే ఆడాల."
కామేసు బెహరా కిరాణా కట్టేసి మరీ వస్తాడు తిట్టడానికి.
మన కుర్రాళ్ళకి ఊపిరి చాలదన్నాడట మొన్న.
"ఈడికి ఊపిరెవడిచ్చాడు? లారీ ఎక్కించి ఊరంతా తిప్పిందెవడు?"
అదే కామేసు, బరంపురం బస్సులో ఎవడో
మీ దండాసికి ఆటేం తెలుసన్నందుకు
చొక్కా చింపుకుని దిగాడు,
టిక్కెట్టు మిగిలుండగానే.

గత ఆదివారం నవ్వుతూ చెప్పాడు దండాసి:
"మా ఊళ్ళో ఫైనల్లో పెనాల్టీ తప్పాను.
జనం రాళ్ళేశారు."
పక్కనున్న యాంకరమ్మ చెంప మీద చెయ్యేసుకుంది.

రాళ్ళు కావు.
ఒక చెప్పు.
ఎడమ కాలిది. ఎనిమిదో సైజు.
నాది.

బంతి బారు మీంచి పోయి రైలుకట్ట అవతల పడింది.
నా చెప్పు సూటిగా వెళ్ళి
వీపు మీది తొమ్మిదంకె గుండ్రంలో తగిలింది.
ఆ రోజు గురి తప్పనిది నాదొక్కటే.
వాడు వెనక్కి తిరగలేదు.

తెల్లారి షాపు తలుపు తీసేసరికి
గడప మీద చెప్పు, బురద కడిగి.
దాని పక్కన వాడు.
కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి
"గెడ్డం గియ్యి" అన్నాడు.
కత్తి ఆనిస్తే గొంతుముడి
ఒక్కసారి పైకి పోయి దిగింది.
నా చెయ్యి వణికితే
"నిమ్మళంగా" అన్నాడు, కళ్ళు మూసుకునే.
పది రూపాయలిచ్చాడు.
రెండు రూపాయల చిల్లర అడిగి తీసుకున్నాడు.

ఇదెప్పుడూ టీవీలో చెప్పడు.
ఒక చెప్పుని రాళ్ళగుట్ట చేశాడు,
నా పేరు మింగేశాడు.
దయో, మరపో,
కథ అలాగే బాగుంటుందనో.
తేలక, ఒక ఆదివారం తిడతాను,
ఒక ఆదివారం ఊరుకుంటాను.

ఈవేళ సౌండు తీసేశాం.
గుణుపురం సవర కుర్రాడు, పంతొమ్మిదేళ్ళవాడు,
రెండో సగంలో దిగాడు.
తెర మూల చిన్న గడిలో దండాసి.
నేనెవరి మీసమో దిద్దుతుంటే
తవిటినాయుడు మోచేత్తో పొడిచాడు:
"నోరు కాదెహె, కింద సూడు."

గాజుబల్ల కింద, తళతళలాడే బూటులో
ఆ ఎడమకాలు
బంతి కుర్రాడిదాకా రాకముందే
మడమెత్తింది,
లోపలికి వాలింది,
పాసు ఆలస్యమైతే
అలాగే ఆగిపోయింది, గాల్లో.

కుర్చీలోవాడు సగం మీసంతో లేచి నిలబడ్డాడు.
కామేసు చేతిలో రిమోటు.
"సౌండెట్టమంటారా?"

ఎవ్వరం పలకలేదు.