తాళంచెవి

ఈతచెలమ గూడెంలో సర్కారుకి ఒకటే గది.
పన్నెండడుగుల రేకుల గది.
దానికి ఒకటే తాళం.
దాని చెవి నా మొలతాడుకి.
చెవి అన్నారు గనక అన్నీ వింటదది.

సోమారం అది బడి.
మార్కాపురం నించి సారొస్తే బడి, రాకపోతే మేకలది.
మంగళారం సూదులమ్మ ఐసుపెట్టె తెచ్చుద్ది.
నెల మొదట్లో బియ్యం డిపో.
అయిదేళ్ళకోసారి వేలిమీద సిరా.
జిగురు కొనే బాబు వొచ్చిన రోజు
కాటా దూలానికి యాలాడుద్ది,
దాని ఎనక నల్లబల్ల మీద
‘అ’ అట్టానే ఉంటది, ఎవురూ తుడవరు.

నాకు చదువు రాదు. వాసన తెలుసుద్ది.
సూదిమందు, గోతం, సుద్దముక్క,
తపసి జిగురు పులిసిన కంపు.
తలుపు తియ్యంగానే చెప్తా
నిన్న ఇది ఏ ఆపీసో.

పదిహేడేళ్ళు.
జీతం అడిగితే నవ్వినారు.
“నీ పేరు రాసుకున్నాంలే ఉడతల బయమ్మా” అన్నారు.
ఏ పుస్తకంలో రాసినారో,
అదీ ఆ గదిలోనే ఉండాల.
చెదలకి తెలుసు.

బియ్యం మిషను మాత్రం నన్ను ఎరగదు.
తపసి చెట్లకి గాట్లు పెట్టీ పెట్టీ
నా బొటనేలు ఏటిరాయి మాదిరి నున్నగా తేలింది.
ఒత్తితే ఎర్రదీపం.
డీలరు మస్తాను రుద్దమంటాడు, తడి చెయ్యమంటాడు,
తలనూనె రాయమంటాడు.
ఆయన మంచోడే. మిషనే కొత్తది.

పోయిన కార్తీకంలో ముసురు పట్టింది.
గుండ్లవాగు పొంగి పాలెం దారి కొట్టకపోయింది.
తొమ్మిది దినాలు
సోమారం రాలా, మంగళారం రాలా,
ఒకటే వాన.
గదిలో ఇరవై రెండు బస్తాలు.
బయట ముప్పై ఒక్క పొయ్యి.

నాలుగో దినానికి
చిగుర్ల ఈదన్న కూతురు, పచ్చి బాలెంత,
గంజి లేక గోడకి తిరిగి పడుకుంది.
గడ్డలు తవ్వుదామంటే నేలంతా నీళ్ళు.
ఎవురూ నన్ను తియ్యమనలా.
అందరూ నా నడుము వొంక చూసినారు.

తీసినా.
మానికతో కొలిసినా, తలగొట్టి.
ఇంటికో బొగ్గుగీత గోడమీద,
గీత పక్కన మనిషికో చుక్క.
భూమని పెద్దోడు రెండోసారి వొచ్చి నిలబడితే
“నీ గీత ఈడుంది నాయనా” అన్నా.
సిగ్గుపడి, బస్తా మూతి కట్టను సాయం పట్టినాడు.

వాగు దిగినాక జీపొచ్చింది.
గీతలు లెక్కేసి, బస్తాలు తూకమేసి, మళ్ళా లెక్కేసి.
గింజ తగ్గలా.
ఒక మానిక ఎక్కువొచ్చింది.
ఎట్టా అని అడిగినారు.
ఏడో దినం తోకల లింగన్న పోయినాడు.
ఆయన చుక్క తాలూకు బియ్యం
ఆయన పెళ్ళాం కొంగులో తెచ్చి తిరిగి పోసింది.
అది నేను జీపుకి చెప్పలా.

“ఎవరి పర్మిషన్‌తో తీశావు?”
“తాళంచెవితో అయ్యా.”
వాళ్ళలో ఒకాయన నవ్వబోయి దగ్గినాడు.

కొత్త తాళం ఏసిపోయినారు, ఇత్తడిది.
దాని చెవి పాలెంలో ఉంటదంట, సొరుగులో.
మొన్న మంగళారం సూదులమ్మ
ఐసుపెట్టె గోడనీడన పెట్టుకోని
నీడ జరిగే కొద్దీ తానూ జరుగుతా కూచుంది.
సారు బండమీద రాసేదానికి
నన్ను బొగ్గు అడిగినాడు. ఇచ్చినా.

పాత చెవి ఇంకా నా మొలకే ఉంది.
పక్కకి వొరిగితే గుచ్చుకుంటది.
లోపల గోడమీద లింగన్న చుక్క
చెరపాల్నో, ఉంచాల్నో
నేను తేల్చుకోకముందే
తలుపు మూసినారు.